చిక్కుడు గింజలు ఉడికేదాకా ప్రార్థన

ఇప్పుడంటే జనం ఏ వస్తువు కొనాలన్నా ఫోన్లో ఊరూపేరూ లేనివాళ్ళ అభిప్రాయాలన్నీ చదివి మరీ కొంటున్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాత్రం, నరసన్నపేటలో మిక్సీ కొనడానికి వచ్చిన మనిషికి దిక్కూ మొక్కూ కౌంటరు వెనక నిలబడ్డ సేల్స్‌మనే. ఆ సేల్స్‌మన్ని నేను. అత్తెసరు మార్కులతో డిగ్రీ గట్టెక్కించి, హైవే పక్కన ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో కుదురుకున్నాను. ఫ్యాను ఎందుకు తిరుగుతుందో నాకు తెలియదు (ఇప్పటికీ తెలియదు), కానీ దాని గురించి పావుగంట ఊపిరి తీసుకోకుండా మాట్లాడగలిగేవాణ్ణి. ఆ మాటకారితనం చూసుకుని నాకు మిషన్లన్నీ తెలుసని నేను నమ్మాను, మా షావుకారు నమ్మాడు, చివరికి మా ఇంట్లోవాళ్ళూ నమ్మారు. నమ్మనిది ఒక్క మా అక్క. కాన్వెంటులో లెక్కల టీచరు కాబట్టి ఎవర్నీ ఊరికే నమ్మకూడదని దాని సిద్ధాంతం.

మా షాపులో ఎంతకీ కదలని సరుకు ఒకటుండేది. స్లో కుక్కర్. విశాఖపట్నం నుంచి దిగిన సామాన్లలో ఎవరూ అడక్కుండానే వచ్చి, షోకేసు పై అరలో సెటిలైపోయింది. లోపల నల్లటి పింగాణీ గిన్నె, దాని చుట్టూ కరెంటు తొడుగు, పైన గాజు మూత, ముందు ఒక మీట. పొద్దున్న అన్నీ అందులో వేసేసి మీట తిప్పితే, మంట లేకుండా, ఎవరూ కలపకుండా, సన్నటి వేడి మీద సాయంత్రానికి కూర ఉడుకుతుంది. దీన్ని ఎలా అమ్మాలో నాకే పాలుపోయేది కాదు. కోటబొమ్మాళి నుంచి వచ్చిన ఒక రైతు నేను చెప్పిందంతా తలూపుతూ విని, పొద్దున్న పెడితే సాయంత్రానికి గానీ కూర అవ్వదా అని అడిగాడు. అవునన్నాను. అలాంటిదానికి మళ్ళీ మేమే డబ్బులివ్వాలా అన్నాడు. ఆ ఏడు క్రిస్మస్‌కి షావుకారు నన్ను పిలిచి, మీ పండగ కదా అని ఆ పెట్టె నా చేతుల్లో పెట్టాడు. ఆయన మొహం అంతగా వెలిగిపోవడం నేను మళ్ళీ చూడలేదు (ఇచ్చినందుకో, వదిలించుకున్నందుకో మరి). ఇంటికి తెస్తే అమ్మ దాన్ని అటక మీద పెట్టించింది.

ఆ తర్వాతి వానాకాలంలో మా మామ్మకి జ్వరం తగిలింది. మామ్మ అంటే నాన్నవాళ్ళ అమ్మ. నాన్న లారీ డ్రైవరు, ఎప్పుడూ రోడ్డు మీదే కాబట్టి ఇంట్లో పెత్తనమంతా ఆవిడదే. జ్వరం తగ్గింది గానీ తిండి మానేసింది. నోరు చచ్చిపోయిందని, ఏది పెట్టినా మట్టిలా ఉందని, రెండు గుక్కల గంజి తాగి గోడవైపు తిరిగి పడుకునేది. డాక్టరు గారు వచ్చి చూసి, రోగమేమీ లేదు, కానీ ఇలా తినకుండా ఉంటే మనిషి దక్కదని అమ్మని వాకిట్లోకి పిలిచి చెప్పారు. మామ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తన సమాధి కార్యక్రమంలో ఏ కీర్తనలు పాడాలో అక్కకి చెప్పింది. తెల్లచీర ఏ పెట్టెలో ఉందో అమ్మకి చెప్పింది. నన్ను పిలిచి, ఆ రోజు మైకు బొయ్యిమనకుండా చూసుకోమంది, కరెంటు వస్తువులు తెలిసినవాడివి కదా అని. నేను ఏడుపు ఆపుకుంటూనే, అలాగే మామ్మా, మంచి యాంప్లిఫయర్ పెట్టిస్తాను అన్నాను. అదీ నా తెలివి.

అలాంటి రోజుల్లో పాతపట్నం వైపు నుంచి మా పెద్దత్త ఆవిణ్ణి చూడ్డానికి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఇంకా కట్టెల పొయ్యే. వేటమాంసానికి ఉప్పూ పసుపూ పట్టించి, ముక్కల్ని తాడుకి గుచ్చి, పొయ్యి పైన దండెంలా కట్టి పొగకి వదిలేస్తుంది. పదునుకి వచ్చేసరికి ముక్క నల్లగా, తోలు చెప్పులా బిగిసిపోయి ఉంటుంది. అలాంటి దండ ఒకటి కాగితంలో చుట్టి తెచ్చింది. పొట్లం ఇంకా విప్పనేలేదు, గోడవైపు తిరిగి ఉన్న మామ్మ ఇటు తిరిగింది. ఎండు మాంసం వాసనొస్తోందేమిటని అడిగింది. పెద్దత్త విప్పి చూపిస్తే, ఒక ముక్క తీసుకుని వాసన చూసింది.

"అందుల సిక్కుడు గింజలేసి, సన్నసెగ మీద నెమ్మదిగా ఒండితే, రెండు ముద్దలు తిందునేమో" అంది.

ఇల్లంతా ఒక్కసారి లేచి నిలబడింది. అమ్మ కొంగు దోపుకుని ప్రెషర్ కుక్కరు దించబోయింది. అప్పుడు నేను అడ్డం వెళ్ళాను. సన్నసెగ అని ఆవిడ నోటితోనే చెప్పింది కదా, ప్రెషర్ కుక్కరుది సన్నసెగ ఎలా అవుతుంది, మనింట్లో సన్నసెగకే పుట్టిన మిషను అటక మీద ఉంది అని వాదన మొదలెట్టాను. పైగా ఆ పెట్టెలో ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అందులో ఒక బొమ్మ కింద, ఎండు గింజలూ పొగబెట్టిన మాంసమూ ఇందులో వండుకునే పద్ధతి రాసి ఉంది. మా మామ్మ వంట ఏ దేశం వాళ్ళో అచ్చేశారని నేను పొంగిపోయి అందరికీ చూపించాను. అక్క ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, ముందు మనం తిని బతికితే తరవాత మామ్మకి పెడదామంది. కానీ షాపులో ఆరితేరిన నోరు నాది. అమ్మ మెత్తబడింది. పెద్దత్త అయితే ఆ మిషను తనకీ ఒకటి కావాలని కూడా అంది (నేను దాన్ని నిజంగా అమ్మగలిగింది ఆ ఒక్క నిమిషమే).

శుక్రవారం సాయంత్రం మా వీధి ప్రార్థన కూటం. వంతుల ప్రకారం ఆ వారం మా ఇంట్లో పడింది. మామ్మ షరతు పెట్టింది. ప్రార్థన అయ్యాక, అయ్యగారు ఆశీర్వదించాక తింటానంది. "అప్పటికవ్వకపోతే మరి నన్ను ఇసిగించకండి. తొంగుంటాను" అని కూడా అంది. అయ్యగారంటే మా సంఘం పాస్టరు గారు. పొద్దు పోయిందంటే మామ్మ నిద్రమాత్ర వేసుకున్నట్టు పడుకుంటుంది, లేపినా లేవదు. మర్నాటికి ఆ కోరిక ఉంటుందో, ఆవిడే ఉంటుందో ఎవరికి తెలుసు. కాబట్టి కూర ప్రార్థన ముగిసేసరికి అవ్వాలి.

శుక్రవారం నేను షాపుకి సెలవు పెట్టాను. గింజలు రాత్రే నానబెట్టి ఉంచింది అమ్మ. మాంసం వేన్నీళ్ళలో కడిగి, ముక్కలు కోసి ఇచ్చింది. అక్కడి నుంచి ఎవరూ వేలు పెట్టకూడదని ఆజ్ఞ జారీ చేశాను. పుస్తకంలో అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టెయ్యమని ఉంది. అన్నీ అంటే అన్నీ అనే అర్థం చేసుకున్నాను. గింజలు, మాంసం, ఉల్లిపాయలు, కారం, పసుపు, ధనియాల పొడి, మా ఇంటి లెక్క ప్రకారం చిక్కటి చింతపండు పులుసు, నీళ్ళు. మూత పెట్టి, మీట తిప్పి, ప్లగ్గు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మా ఇంట్లో వాళ్ళకి కుక్కరంటే కూత పెట్టాలి. పెట్టకపోతే అది చెడిపోయినట్టే లెక్క. నేను ఎంత చెప్పినా మంచం మీంచి మామ్మ ఇంకా కూత రాలేదేమిటని అడుగుతూనే ఉంది. ఆవిడ అడిగినప్పుడల్లా అమ్మ వచ్చి మూత ఎత్తి చూసేది. పక్కింటి పిన్ని చక్కెర కోసం వచ్చి మూత ఎత్తింది. పెద్దత్త కాఫీ తాగుతూ ఎత్తింది. ఎత్తిన ప్రతిసారీ లోపలి ఆవిరంతా పోతుంది, మళ్ళీ వేడెక్కడానికి బోలెడంత సేపు పడుతుందని పుస్తకంలో ఉందని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అలా కొట్టుకోవడంలో అలిసిపోయి, భోజనం చేసి, కొంచెం కునుకు తీశాను.

లేచి గిన్నె మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. స్విచ్చి కట్టేసి ఉంది. విషయమేమిటంటే, మా ఇంట్లో ఒక నియమం. ఎప్పుడో ఇస్త్రీ పెట్టె మరిచిపోయి దుప్పటి తగలబెట్టుకున్న దగ్గర్నుంచి, గడప దాటేవాళ్ళు ఎవరైనా సరే ఇంట్లో ప్లగ్గులన్నీ కట్టేసి వెళ్ళాలి. అమ్మ కూటానికి చాపలు తేవడానికి చర్చికి వెళుతూ కట్టేసింది. తరవాత నేను నిద్రలో ఉండగానే ఎవరో వేశారు. అక్క మామ్మ మాత్రల కోసం వెళుతూ మళ్ళీ కట్టేసింది. ఇద్దరూ చెయ్యాల్సిందే చేశామన్నట్టు నావైపు చూశారు. తిట్టడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే ఆ దుప్పటి తగలబెట్టింది నేనే.

ఈసారి మీట పెద్ద వేడికి తిప్పాను. సాయంత్రానికి మాంసం మెత్తబడింది, ఇల్లంతా కమ్మటి వాసన. గింజ ఒకటి తీసి వేళ్ళ మధ్య నొక్కాను. అది నన్నే నొక్కింది. ప్రెషర్ కుక్కర్లోకి మార్చేద్దామని వెళితే గ్యాసు పొయ్యి మీద ఒకవైపు టీ డేగిసా, ఇంకోవైపు కూటానికి ఉడికే శనగలు, వాటితో కుక్కరు నిండిపోయి ఉంది. అప్పటికే వీధిలోవాళ్ళు చాపల మీద కూర్చుంటున్నారు. పరవాలేదు, మన అయ్యగారి ప్రార్థన ఇప్పట్లో తెమిలేది కాదు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. చిన్నప్పుడు ఆయన మొదలెట్టాక నేను ఒక నిద్ర తీసి లేచి ఆమెన్ చెప్పిన రోజులున్నాయి. కానీ ఆ రోజు ఆయన చేతిలో సంచితో వచ్చి, టెక్కలిలో ఒక కుటుంబాన్ని చూడాలి, బస్సు వెళ్ళిపోతుంది, ఇవాళ క్లుప్తంగా ముగించేద్దాం అన్నారు.

ఒక్క కీర్తన పాడారు. అదీ పల్లవి, రెండు చరణాలు. వాక్యం రెండు ముక్కల్లో చెప్పేశారు. ప్రార్థన విన్నపాలేమైనా ఉన్నాయా అని అడిగి, లేవులే అన్నట్టు కళ్ళు మూసుకోబోయారు. అక్క వంటింటి గుమ్మంలోంచి నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. మామ్మ మంచం మీద దిండుకి ఆనుకుని, కళ్ళు సగం మూసుకుని ఉంది. ఇప్పుడు ఆమెన్ పడితే ఆవిడ పడుకుంటుంది. నేను చెయ్యెత్తాను.

కూటంలో నేను చెయ్యెత్తడం అదే మొదలు. అయ్యగారు ఆశ్చర్యపోయి చెప్పమన్నారు. మా షావుకారు మోకాలి నొప్పి కోసం ప్రార్థించమన్నాను. చేశారు. రోడ్డు మీద ఉన్న నాన్న కోసం అన్నాను. చేశారు. నాన్న లారీ టైర్ల కోసం అన్నాను. ఒక కన్ను తెరిచి చూసి, అదీ చేశారు. పక్కింటి పిన్నివాళ్ళ గేదె చూడి కట్టడం లేదన్నాను, పిన్ని ఉలిక్కిపడి, ఇదంతా నీకెవరు చెప్పారన్నట్టు చూసింది. రాబోయే పంచాయితీ ఎన్నికల కోసం, మా వీధి లో వోల్టేజీ కోసం, ఎండిపోయిన బోరు కోసం అడిగాను. చివర్లో సరిహద్దుల్లో ఉన్న సైనికులందరి కోసం అన్నాను, అది కొంచెం పెద్దది కాబట్టి. అయ్యగారి గొంతులో తొందర తగ్గి ఉత్సాహం వచ్చేసింది. ఈ యవ్వనస్తుడికి ఇంత ప్రార్థనా భారం కలిగించిన దేవునికి స్తోత్రం అని నా పేరు పెట్టి మరీ ప్రార్థించారు. నా చెవులు కాలిపోయాయి. గింజలు మాత్రం ఉడకలేదు.

మధ్యలో, అందరూ కళ్ళు మూసుకుని ఉండగా, పక్కనే కూర్చున్న అమ్మ పెదవులు కదపకుండా గుసగుసగా అడిగింది. "సింతపండు ఎప్పుడేసేవు?"

"ముందే. అన్నిటితోపాటు."

అమ్మ, పులుపు ముందు పడితే గింజ ఈ జన్మలో ఉడకదని గుసగుసలాడి, పైకి మాత్రం చాలా దుఃఖంగా ఆమెన్ అంది. పుస్తకం రాసినవాళ్ళ దేశంలో చింతపండు ఉండదని నాకప్పుడు తట్టింది. ఇక అడగడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఉన్నా లాభం లేదు. అయ్యగారు ముగింపు ఆశీర్వాదానికి చేతులెత్తారు.

"అయ్యగారూ" అంది మామ్మ. "నాదొక సాచ్చిం ఉన్నాది."

దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతానంటే ఎవరూ ఆపకూడదు, అయ్యగారు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. జ్వరం వచ్చిన తరవాత ఆవిడ కూటంలో నోరు విప్పడం ఇదే మొదలు. అక్క పరిగెత్తుకొచ్చి వీపు వెనక ఇంకో దిండు పెట్టింది. మామ్మ గొంతు సవరించుకుని మొదలెట్టింది. పెళ్ళయిన కొత్తలో నౌపడలో కాపురమట. తాత ఉప్పు మళ్ళలో కూలీ. అత్తగారు నోరున్న మనిషి. ఒకరోజు ఇంటికి చుట్టాలొస్తే, కొత్త కోడలు ఏం వండుతుందో చూద్దామని ఎండు మాంసమూ చిక్కుడు గింజలూ ఇచ్చి, వండమని చెప్పి కూర్చుందట. ఎంత మంట పెట్టినా గింజ ఉడకలేదు. చుట్టాలు ఆకలితో గుమ్మం వైపు చూస్తున్నారు. ఇక లాభం లేదని మామ్మ పొయ్యి ముందే మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ప్రార్థన మొదలెట్టిందట. ప్రార్థనలో ఉన్న మనిషిని కదపకూడదు కదా. అత్తగారు రెండుసార్లు వచ్చి చూసి, వేళ్ళ మీద వెనక్కి వెళ్ళిపోయిందట.

"ఊళ్ళో ఉన్నోళ్ళందరి పేర్లూ సెప్పేసేను. అయి అయిపోతే మేకల పేర్లు సెప్పేను. కళ్ళు తెరవకుండానే గరిటెతో గింజ నొక్కి సూసీదాన్ని" అంది మామ్మ. అని, నావైపు తిరిగి, తీరిగ్గా చూసింది. "అంత బత్తిగల కోడల్ని సూడలేదని మా అత్త సచ్చినదాకా అందరికీ సెప్పుకున్నాది."

ముందు పిన్ని నవ్వింది. తరవాత చాపల మీద వాళ్ళంతా. అయ్యగారు నన్నూ మామ్మనీ మార్చి మార్చి చూసి, వంటింట్లోంచి వస్తున్న వాసన ఒక్కసారి పీల్చి, సంచి కింద పెట్టేసి నవ్వడం మొదలెట్టారు. టెక్కలి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాప అంచు పీకుతూ కూర్చున్నాను. (కారణం ఏదైతేనేం, నోరు తెరిచావు కదా అని ఆ నెలలోనే నన్ను సంఘ యవ్వనస్తుల సెక్రటరీని చేసేశారు. ఆ పదవి నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు.)

నవ్వులు తగ్గాక మామ్మ, ఉడికినా ఉడక్కపోయినా పట్టుకురమ్మంది, మాట్లాడితే ఆకలేస్తోందంది. ఆ మాట విని అమ్మ లేవడంలో చాపకి కాలు తగిలి పడబోయింది. కంచంలో అన్నం, పైన నల్లగా నిగనిగలాడే పులుసు, ముక్కలు. అయ్యగారు ఆశీర్వదించారు. మామ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. చాపల మీద వాళ్ళంతా టీ గ్లాసులు చేత్తో పట్టుకుని తాగకుండా చూస్తున్నారు. ముక్క దూదిలా ఉందంది. పులుసు వాళ్ళమ్మ చేసినట్టే ఉందంది. గింజలు మాత్రం ఒక్కొక్కటే పంటికి తగిలిస్తూ, తీసి కంచం అంచున పెట్టింది. రెండు ముద్దలు కాదు, అన్నం మళ్ళీ వేయించుకుంది. చేతికంటిన పులుసు నాక్కుంది. అక్క కంచం తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ గింజలు పారెయ్యకే. తపేలాలో మిగిలినవీ తీసుంచు. రేపు కుక్కర్లో ఎట్టి నాలుగు కూతలు కుయ్యనియ్యి. రేపు మజ్జాన్నం తింతాను."

అక్క కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మ గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. ఇంతమంది ఇలా ఎందుకైపోయారో నాకు బొత్తిగా బోధపడలేదు. ఆ క్షణంలో నా చెవులకి వినపడింది ఒక్క కుక్కరు మాటే, అదీ నా మిషనుకి జరిగిన అవమానంగా. ఇరవై మూడేళ్ళ వెధవని, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రేపు కుక్కరెందుకు మామ్మా, ఇందులోనే ఇంకో పూట ఉంచితే అవే ఉడుకుతాయి, పుస్తకంలో కూడా ఉంది అని వాదన పెట్టుకున్నాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. వంటింట్లోంచి అమ్మ ఏడుపు వినిపించాక గానీ, మామ్మ 'రేపు' అన్నదని నా మట్టిబుర్రకి ఎక్కలేదు. అప్పుడు నోరు మూసుకున్నాను.